తీరిక పని కాదు

గతమాసమున ఈ శీర్షికయందు ఇంటి జమాఖర్చుల పుస్తకమును గూర్చి మేము వ్రాసియుంటిమి. దానిని చదివి యొక సోదరి మాకు దీర్ఘమైన యుత్తరము వ్రాసినది. ఆమె పట్టభద్రురాలు, ఇద్దఱు బిడ్డల తల్లి. ఉద్యోగమునకు పోవు వీలులేక యింటియొద్దనే యుండి, సంస్థలకు ఆంగ్లమునుండి తెలుగునకు అనువాదములు చేసి యిచ్చుచున్నది. “నాకు పై యధికారి లేడు. సెలవు అడుగవలసిన యక్కఱ లేదు. అయినను ఉద్యోగము చేయు మా చెల్లెలికంటె నేనే యెక్కువ అలసిపోవుచున్నాను. చేతిలో డబ్బు నిలువదు. నా పనిని పనియని యింటిలో నెవరును తలపరు. ఇది నిజముగా స్వాతంత్ర్యమేనా?” అని యామె ప్రశ్న.

ఈ ప్రశ్ననే మేమును ఒకప్పుడు మమ్ము మేమే అడిగికొంటిమి. కావున మాకు తెలిసినంతలో బదులు చెప్పెదము.

ఒకరి కొలువులో నుండక, పలువురకు పని చేసియిచ్చి దానికి తగిన ప్రతిఫలము పుచ్చుకొను వారిని నేడు ‘ఫ్రీలాన్సరు’ అనుచున్నారు. ఈ మాటకు మూలము యుద్ధభూమి. సర్ వాల్టరు స్కాటు 1819వ సంవత్సరాంతమున ప్రకటించిన ‘ఐవన్‌హో’ నవలలో, కూలికి యుద్ధము చేయు భటులకు ఈ పేరు కనబడును. లాన్సనగా ఈటె. ఈటె తనది, ఏ యుద్ధమునకు పోవలయునో తేల్చుకొనునది తాను, కూలి యింతయని చెప్పునది తాను. ఈ మూడును ఉన్ననే ఆ పేరు చెల్లును.

ఈ మూడును లేని యింటిపని యెట్లుండునో పశ్చిమగోదావరి జిల్లా నరసాపుర ప్రాంతమును చూచినవారికి తెలియును. పంతొమ్మిదవ శతాబ్దమున మిషనరీలు నేర్పిన లేసు అల్లిక అచటి స్త్రీల చేతులలో గొప్ప కళ యైనది. ఆ లేసు సముద్రములు దాటి పోవును. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు సైతము లభించినది. కాని దారము దళారి తెచ్చి యిచ్చును, నమూనా దళారి చెప్పును, వెలయు నతడే కట్టును. మారియా మీస్ అను జర్మను విదుషి ఆ స్త్రీలను గూర్చి 1982లో ఒక గ్రంథమును ప్రకటించినది. గంటలకొలది సూది విడువని ఆ స్త్రీలను లోకము గృహిణులుగానే లెక్కించి, వారి శ్రమను తీరిక వేళ కాలక్షేపముగా తలచినదనియు, వెల తగ్గుటకు ఆ తలపే మూలమనియు ఆమె చూపినది. ఎలా భట్టు అహమ్మదాబాదులో స్వయముపాధి స్త్రీలకొఱకు 1972లో ‘సేవ’ సంఘమును నమోదు చేయింపబోగా, యజమానియే లేని వారికి కార్మిక సంఘమెట్లని అధికారులు అభ్యంతరము చెప్పిరట. యజమాని కనబడనిచో పనియు కనబడదు కాబోలు!

ఇక మా సంగతి. మేము కళాశాల మెట్లెక్కినవారము కాము. మా తాతగారు అరుగుమీద కూర్చుండబెట్టి అమరమును, రఘువంశమును, తిక్కనగారి భారతమును, బాలవ్యాకరణమును మాకు చెప్పిరి. ఆ చదువునకు పట్టా లేదు. వివాహమైన కొన్నాళ్లకు, మా యింటివారితో పాఠశాలలో పనిచేయు పండితులొకరు తమ పుస్తకపు ప్రూఫులు దిద్దిపెట్టుమని మాకు పంపిరి. పాత ‘అను’ లిపిలోని గ్రంథమును యూనికోడులోనికి మార్చునపుడు ఒత్తులు తాఱుమాఱగును. ఒకచోటి సున్న వేఱొకచోట తేలును. అట్టివి మా కంటికి వెంటనే తగులుచుండెడివి. ఆ నోట ఆ నోట మా పేరు పాకి, నలుగురైదుగురు ప్రచురణకర్తలు పని పంపసాగిరి. పిమ్మట అనువాదములును వచ్చినవి.

“ఏమి యిమ్మందురు?” అని వారడిగినపుడు, “మీకు తోచినది” అనుచుంటిమి. అది వినయమనుకొంటిమి. పగలు ఇంటిపని, రాత్రి పది దాటినపిదప ప్రూఫులు. కన్నులు మండుచున్నను, అడుగువారు లేని స్వేచ్ఛ యిదియే గదా యని సంతసించితిమి.

ఒక ప్రచురణకర్త నాలుగు వందల పుటల గ్రంథమును మాచేత మూడు మార్లు దిద్దించెను. అంతయు కలిపి పుటకు 12 రూపాయలని ఫోనులో మాట. పుస్తకము వెలువడినది, అంగడిలో కనులార చూచితిమి, డబ్బు మాత్రము రాలేదు. అడుగుటకు సిగ్గుపడి అయిదు మాసములు ఊరకుంటిమి. ఇంతలో మా అత్తగారి కంటికి శస్త్రచికిత్స చేయవలసివచ్చినది. ఆ డబ్బు వచ్చుననియే యింటిలో లెక్క వేసికొనియుంటిమి. అది రాకపోగా మా చేతి గాజులు రెండు బ్యాంకులో కుదువబెట్టితిమి. పదునొకండు మాసములకు ఆ పైకములో సగము వచ్చినది. తక్కిన సగము నేటికిని రాలేదు.

గాజులు పోయినందుకుకాదు గాని, ఆ రోజులలోనే జరిగిన వేఱొక చిన్న సంగతి మా మనస్సును ఎక్కువ నొప్పించినది. చుట్టపుచూపుగా వచ్చిన యొక పెద్దమ్మగారు మా అమ్మాయిని, “మీ అమ్మ ఏం చేస్తుందే?” అని యడిగిరి. “ఏమీ చెయ్యదండీ. ఊరికే కాగితాలు చదువుకుంటూ ఉంటుంది” అని పిల్ల చెప్పినది. అందఱును నవ్వితిమి. రాత్రి మాకు నిదుర పట్టలేదు. పిల్ల అబద్ధమాడలేదు. ఎవరడిగినను “ఏదో తీరిక వేళ కాలక్షేపం” అని మేము చెప్పుచు వచ్చిన మాటనే అది తిరిగి యప్పగించినది. నరసాపురమున దళారి అనుమాటను, మా యింట మమ్ము గూర్చి మేమే యనుకొంటిమి.

మఱునాడు జమాఖర్చుల పుస్తకము ముందు పెట్టుకొని కూర్చుంటిమి. మొదటి మారు దిద్దునపుడు గంటకు 6 పుటలు. రెండవ మారు 10. మూడవ మారు 16. నాలుగు వందల పుటలకు మొత్తము 132 గంటలు పట్టినవి. రావలసిన పైకము 4,800 రూపాయలు. అనగా గంటకు 36 రూపాయలు! మా వీథి బడి ముంగిట జామకాయలు అమ్ము అవ్వయు తన గంట నింత చౌకగా అమ్మికొనదు. వచ్చినది అందులోను సగమే.

పిదప లెక్కను తలక్రిందుగా వేసితిమి. నెలకు ఇంటికి 9,000 రూపాయలు చేరవలయును. విద్యుత్తునకు, ఇంటర్నెట్టునకు వేయి. పాతబడు కంప్యూటరునకు బదులు క్రొత్తది కొనుటకు వేయి. పని లేని మాసమునకై దాచుటకు వేయి. వెరసి 12,000. మాకు దొరకు కాలము దినమునకు 4 గంటలు, నెలకు 22 దినములు, అనగా 88 గంటలు. ఇందులో లెక్కలకు, ఉత్తరములకు 12 గంటలు పోవును. వానికెవరును డబ్బీయరు. మిగిలిన 76 గంటలలోనే 12,000 రావలయును. ఇపుడు మొదటి మారు ప్రూఫులకు పుటకు 12 రూపాయలు తీసికొనుచు, తరువాతి మార్లకు వేఱుగా వెల కట్టుచున్నాము. అనువాదమునకు మాటకొక రూపాయి. గంటకు 250 మాటలు మాకు సాగును. నెలలో 40 గంటలు అనువాదమునకును, 36 గంటలు ప్రూఫులకును ఇచ్చినచో లెక్క సరిపోవుచున్నది. వెల చెప్పగనే ఇద్దఱు మమ్ము విడిచిరి. విడిచినవారి పనికి పట్టిన గంటలు మాకు మిగిలినవి. ఆ గంటలలోనే మేలైన పని వచ్చి చేరినది.

కాలమును గూర్చి యొక మాట. పోతనగారు రాజాశ్రయమును కాదని హలమును నమ్ముకొనిరను కథను మనమందఱము చిన్ననాటనే వింటిమి. మా తాతగారు ఆ కథ చెప్పి, “నాగలి పట్టినవానికి రాజు లేకపోవచ్చును గాని, కార్తె తప్పదు” అనెడివారు. స్వతంత్రవృత్తిలోని మర్మమంతయు ఇదియే. అధికారి లేనివారికి గంట మఱింత అవసరము. మా యింటివారును అమ్మాయియు బడికి పోయినపిదప తొమ్మిదిన్నర మొదలు పదకొండున్నర వఱకు అనువాదము. మధ్యాహ్నము ఒకటిన్నర మొదలు మూడున్నర వఱకు ప్రూఫులు. బుద్ధి తేటగా నున్నపుడు కష్టమైన పని, పిమ్మట చూపుతో సాగు పని. ఫోను వేఱొక గదిలో నుండును. శుక్రవారము లెక్కలు, బాకీల యుత్తరములు. మూడున్నరకు కంప్యూటరు మూసెదము. తెఱచుట యెంత నియమమో మూయుటయు నంత నియమమే. మూయుట తెలియకనే రాత్రులు పోగొట్టుకొంటిమి.

పని యొప్పుకొనునపుడు నోటిమాటతో సరిపుచ్చవలదు. ఎన్ని పుటలు, ఎన్ని మార్లు, ఏ తేదీకి, ఏ వెలకు, డబ్బెప్పుడు అను నైదు సంగతులు ఈమెయిలులో వ్రాసి, ‘సరి’ యను బదులు వచ్చినపిదపనే మొదలుపెట్టవలయును. క్రొత్తవారియొద్ద మూడవవంతు ముందుగా పుచ్చుకొనుట తప్పుకాదు.

చట్టమును మనకు తోడున్నది. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టము 2006లో వచ్చినది. ఇంట కూర్చుండి యొంటరిగా పనిచేయు స్త్రీయు సూక్ష్మసంస్థగా నమోదు కావచ్చును. ఒప్పందమున్నను పైకమిచ్చు గడువు 45 దినములు మించరాదు. ఒప్పందము లేనిచో 15 దినములే. గడువు మీఱినచో రిజర్వు బ్యాంకు ప్రకటించు బ్యాంకు రేటునకు మూడు రెట్లు చక్రవడ్డి కట్టవలయును. 2020 జులై 1 నుండి యమలులోనున్న ‘ఉద్యమ్’ నమోదునకు రుసుము లేదు. ఆధారు, పాను ఉన్నచో ఇంటినుండియే చేసికొనవచ్చును. పని మొదలుపెట్టకముందే చేసికొనుట మేలు. మాకీ సంగతి ఆలస్యముగా తెలిసినది. ఇపుడు ప్రతి బిల్లు క్రిందను ఆ నమోదు సంఖ్యను వేయుచున్నాము. పోట్లాట అక్కఱలేకయే చాలవఱకు డబ్బు వేళకు వచ్చుచున్నది. సంస్థలు ఆదాయపు పన్ను పట్టుకొని తక్కినది యిచ్చినచో కలతపడవలదు. అది మన పాను పేరనే జమయగును. మన యాదాయమునకు పన్ను లేనిచో, రిటరను దాఖలు చేసి తిరిగి పొందవచ్చును.

పని యన్ని నెలలును ఒకతీరుగ నుండదు. డిసెంబరులో హైదరాబాదు పుస్తక ప్రదర్శన, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవము. వానికి ముందు మా బల్లమీద కాగితములు గుట్టపడును. ఎండకాలమున బల్ల వెలవెలబోవును. నిండుగ వచ్చిననాడు ఎండకాలమును తలచుకొని దాచవలయును. ఒక్కరియొద్దనుండియే సగముకంటె నెక్కువ రాబడి వచ్చుచున్నచో జాగ్రత్తపడుడు; వారు పేరునకు కాకున్నను తీరునకు యజమానులే.

నేడు యంత్రములు అనువదించిన దానిని సగము వెలకు దిద్దుమని కొందఱడుగుచున్నారు. ఒకే పుటలో వైద్యుని ఒకచోట ‘మీరు’ అనియు, వేఱొకచోట ‘నీవు’ అనియు యంత్రము సంబోధించియుండును. అట్టి దానిని దిద్దుటకు కొన్ని మార్లు క్రొత్తగా వ్రాయుటకంటె నెక్కువ కాలము పట్టును. ముందు రెండు పుటలు దిద్ది, గంటలు లెక్కించి, పిమ్మట వెల చెప్పుడు. కుదరనిచో ‘మాకు వీలుపడదు’ అని మర్యాదగా వ్రాయుడు. మొదటిసారి అట్లు వ్రాసిననాడు మా చేయి వణికినది. ఈటె మన చేతికి వచ్చినది మాత్రము ఆనాడే.

సోదరీ! నీ ప్రశ్నకు మా బదులిది. అధికారి లేనంతమాత్రమున స్వాతంత్ర్యము రాదు. నీ గంటకు నీవు హద్దు పెట్టి, నీ పనికి నీవు వెల చెప్పి, ఇష్టములేని దానిని కాదనగలిగిననాడు అది వచ్చును. ఇంటివారు నీ పనిని పనియనుటకు ముందు, ఆ మాట నీ నోట రావలయును.

మా గాజులు విడిపించుకొంటిమి. కంటిచూపు బాగుపడిన మా అత్తగారు ఇపుడు మధ్యాహ్నము వీథితలుపు దగ్గఱ పడకకుర్చీలో కూర్చుందురు. మొన్న ఇరుగమ్మ కబుర్లకు రాగా వారు లోపలినుండి మాకు వినబడునట్లు, “అమ్మాయి పనిలో ఉందమ్మా, మూడున్నర దాటాక రా” అనిరి. మేము తల యెత్తలేదు. దిద్దుచున్న వాక్యము మాత్రము రెండు మార్లు చదువవలసివచ్చినది.