వెనుక ముఖము, ముందు ముఖము

2024వ సంవత్సరము నవంబరు మాసాంతమున కుమురం భీం ఆసిఫాబాదు జిల్లా కాగజ్‌నగరము మండలములో పత్తి ఏరుటకు పోయిన ఒక యువతిని పులి చంపినది. మరునాడే ఆ పరిసరములలో ఒక రైతు పులివాత బడి గాయములతో బయటపడెను. పత్తి విచ్చి చేనిమీద నిలిచిన దినములవి. పోకున్నచో పంట దక్కదు. పోయినచో ప్రాణము దక్కునో లేదో తెలియదు. అట్టి సమయమున అటవీశాఖవారు రైతులకును కూలీలకును మనుష్యముఖపు ముసుగులు పంచిరి. వానిని ముఖమునకు గాక తల వెనుకవైపున కట్టుకొనవలెనని చెప్పిరి. నడుము వంచి పత్తి ఏరుచున్న స్త్రీల తలల వెనుకనుండి అచ్చుముఖములు లోకమును చూచుచున్న ఛాయాచిత్రములు పత్రికలలో వచ్చినవి.

పులి సాధారణముగా వెనుకపాటున వచ్చి మీదపడును. తన్ను చూచుచున్నవాని ఎదుట అది కొంత వెనుకాడును. కావున వెనుకను రెండు కన్నులున్నచో అది మోసపోవునని ఈ ఉపాయములోని ఆశ. ఇది క్రొత్తదియు కాదు. వంగదేశపు సుందరవనములలో కట్టెలకును తేనెకును పోవువారు 1986 ప్రాంతమున ఇట్టి ముసుగులు ధరించి చూచిరి. మొదట మేలు కనిపించినదనియు, కొంతకాలమునకు పులులు గుట్టు గ్రహించినవనియు చెప్పుదురు. పులి మాట అట్లుండనిండు. ఆ ఛాయాచిత్రములను చూచిన మన సంగతి యేమి? అది ఒట్టి ముసుగని మనకు తెలియును. అయినను దాని కన్నులు మనలను చూచుచున్నట్లే తోచినది. తెలిసియు మోసపోవు ఈ గుణము మనకు ఎచ్చటినుండి వచ్చినది?

మెదడు అడుగుభాగమున, ఇంచుమించు చెవికి వెనుకగా, ఒక చిన్న ప్రదేశము కలదు. ఇండ్లను, వస్తువులను, చేతులను చూచునప్పటికంటె ముఖములను చూచునపుడు ఈ ప్రదేశము మిక్కిలి చురుకుగా పనిచేయునని 1997లో అమెరికా దేశమున నాన్సీ కాన్విషర్, ఆమె సహచరులు చూపిరి. చాలమందిలో ఇది కుడివైపున బలముగా నుండును. 1991లో ప్రకటింపబడిన మరియొక పరిశోధనలో పుట్టి గంటయైన నిండని శిశువులకు కొన్ని బొమ్మలు చూపిరి. ఒకదానియందు కన్నులు, ముక్కు, నోరు వాని వాని తావులలో నున్నవి. వేరొకదానియందు అవియే చెదరియున్నవి. ముఖమువలె నున్న బొమ్మ జరిగిన దిక్కునకే శిశువులు తలను, కన్నులను ఎక్కువగా త్రిప్పిరి. తల్లి ముఖమునైన ఇంకను సరిగా ఎరుగని పసికందు, ముఖమనునది యొకటి యుండునను ఎరుకతోనే ఈ లోకమునకు వచ్చుచున్నది.

ఈ సంసిద్ధత ఎంత బలమైనదో పొరపాటునకు అంత చేరువ. 1976 జూలై 25న వైకింగ్-1 వ్యోమనౌక అంగారకుని నేలను చిత్రించినపుడు అందులో ఒక గుట్ట మనుష్యముఖమువలె కనిపించెను. అది ఏదో నాగరికత విడిచిన గుర్తని వాదించినవారును కలరు. 2001లో మరింత స్పష్టముగా తీసిన చిత్రములో అది గుట్టయే. నాడు కన్నులుగా తోచినవి ఎండనీడలు. ముఖము లేనిచోట ముఖము కనిపించు ఇట్టి భ్రాంతులను శాస్త్రజ్ఞులు పారిడోలియా యను పేరుక్రింద చేర్చిరి. ముఖమును పోలిన వస్తువును చూచినపుడు, సెకనులో ఆరవ వంతు కాలములోనే, నిజమైన ముఖమును చూచినప్పటి సంచలనము వంటిది మెదడులో కలుగునని 2009లో ఒక పరిశోధక బృందము కొలిచి చూపినది. 2020లో వెలువడిన పరిశోధన దీనికి తరువాయి కథ చెప్పినది. తొలుత మెదడు ఆ వస్తువును ముఖములలో చేర్చును; సెకనులో నాలుగవ వంతు నాటికి దానిని వస్తువుగా దిద్దుకొనును.

మన వేదాంతులు త్రాటిని చూచి పామని భ్రమించుటను అజ్ఞానమునకు దృష్టాంతముగా చెప్పిరి. ప్రకృతి లెక్క వేరు. త్రాటిని పామనుకొన్నవాడు ఒక గంతు వేసి బ్రతుకును. పామును త్రాడనుకొన్నవాడు బ్రతుకుట అరుదు. పొదలో లేని కన్నులను చూచినవానికి కలుగు నష్టము గుండెదడ మాత్రమే. ఉన్న కన్నులను చూడనివానికి అదియే కడపటి తప్పు. తరతరములుగా బ్రతికి బట్టకట్టినవారి మెదడే మనకు సంక్రమించినది.

ఈ రహస్యమును మన పల్లెలు ప్రయోగశాలలు లేకయే గ్రహించినవి. కరీంనగరము ప్రాంతపు చేలలో మసిపూసిన కుండను కర్రకు బోర్లించి సున్నపు బొట్లతో కన్నులు, నోరు దిద్దుదురు. క్రొత్త ఇంటి ముందు వ్రేలాడు గుమ్మడికాయకు మీసములు సయితము పెట్టుదురు. వేపచెట్టు క్రింది రాతికి పసుపు పూసి, కుంకుమ పెట్టి, కన్నులు అమర్చినచో అది పోచమ్మ తల్లి. నిర్మల కళాకారుడు పొనికి కర్రతో చెక్కిన బొమ్మ కన్ను దిద్దువరకు కొయ్యయే. శిల్పాగమములలో విగ్రహమునకు కన్నులు తెరచు సంస్కారమునకు నేత్రోన్మీలనమని పేరు. భక్తుడు చూచునది మెదడు పొరపాటని చెప్పుట మా ఉద్దేశము కాదు. రెండు కన్నులు పెట్టినంతనే ఎదుటి వస్తువుతో మనకు ఒక సంబంధ మేర్పడును. దాని ఎదుట మన నడవడి మారును. మన పెద్దలకు ఈ సంగతి తెలియును.

ఇంతవరకు చెప్పినది ముఖమును చూచుటను గూర్చి. ఇది పుట్టుకతో వచ్చిన సొత్తు. ఆ ముఖము ఎవరిదో ఎరుగుట వేరొక విద్య. 1947లో జర్మను వైద్యుడు యోహాకిం బోడమర్ మెదడునకు గాయమైన కొందరిని గూర్చి వ్రాసెను. వారికి కన్ను, ముక్కు చక్కగా కనిపించును. అది ముఖమని తెలియును. ఎవరి ముఖమో తెలియదు. అందొకడు అద్దములోని తన ముఖమునే ఎరుగలేకపోయెను. దీనిని మనము ముఖాంధత్వ మనవచ్చును. గాయమేమియు లేకయే పుట్టుకతో ఈ లోపము గలవారు నూటికి ఇద్దరు వరకు ఉందురని కొందరు పరిశోధకుల అంచనా. ప్రసిద్ధ వైద్యుడు, రచయిత ఆలివర్ సాక్స్ తానును అట్టివాడనని వ్రాసికొనెను. వీరు గొంతునుబట్టి, నడకనుబట్టి, కట్టినబట్టలనుబట్టి మనుష్యులను పోల్చుకొందురు. సంతలో ఎదురుపడి నమస్కరింపక పోయిన విద్యార్థిని పొగరుబోతని తీర్మానించుటకు ముందు ఉపాధ్యాయుడు ఈ సంగతిని ఒకసారి తలపోయుట మంచిది.

ఈ లోపము లేనివారికిని ఆ విద్య అభ్యాసముచేతనే పట్టుబడును. దీనిని తరగతిలోనే పరీక్షింపవచ్చును. పత్రికలోని ప్రసిద్ధుల చిత్రములను తలక్రిందులుగా పట్టి చూపినచో విద్యార్థులు తడబడుదురు. తలక్రిందైన ఇంటి చిత్రముకంటె తలక్రిందైన ముఖమును గుర్తించుట కష్టతరమని 1969లోనే రాబర్ట్ యిన్ చూపెను. మనకు అలవాటైన తీరుననే ముఖము మనకు పరిచితము. ఆరునెలల శిశువు ఒక కోతిముఖమునకును మరియొక కోతిముఖమునకును గల భేదమును గుర్తించుననియు, తొమ్మిది నెలలకు ఆ నేర్పు సన్నగిల్లుననియు 2002లో తేలినది. చుట్టు తిరుగు ముఖములకే కన్ను పదునెక్కును. తక్కినవి ఒకదానిలో ఒకటి కలిసిపోవును. పరజాతివారందరు ఒక్కతీరుగా నున్నారని ప్రతి జాతివాడును అనుకొనుట ఇందువలననే. కొరియాలో పుట్టి బాల్యముననే ఐరోపా కుటుంబములకు దత్తు పోయినవారిని 2005లో పరీక్షించిరి. వారు తూర్పు ఆసియావారి ముఖములకంటె ఐరోపావారి ముఖములనే చక్కగా గుర్తించిరి. దీనికి కారణము రక్తము కాదు, సహవాసము.

ముఖము చూచి గుణము నిర్ణయించుటలో మన తొందర ఇంకను హెచ్చు. తెలియనివాని ముఖమును సెకనులో పదియవ వంతు కాలము చూపినను అతడు నమ్మదగినవాడో కాడో జనులు తేల్చివేయుదురని 2006లో వెలువడిన ఒక పరిశోధన చెప్పుచున్నది. ‘వీడు మొద్దు’, ‘వీడు అల్లరివాడు’ అను తీర్పులు మన తరగతి గదులలో ఎంతసేపటిలో పుట్టుచున్నవో మనము ఆలోచింపవలెను. గుట్టను గూర్చిన పొరపాటును మెదడు పావు సెకనులో దిద్దుకొనును. మనుష్యుని గూర్చిన పొరపాటు దిద్దుకొనకయే ఏండ్లు గడచిపోవచ్చును.

ఈ పంక్తులు వ్రాయువాడు మైదానములో పుట్టి పెరిగినవాడు. తొలి ఉద్యోగకాలమున ఏజెన్సీ ప్రాంతపు ఒక కళాశాలలో పనిచేసెను. వెనుక బల్లపై ఇద్దరు గోండు విద్యార్థులు కూర్చుండెడివారు. కొన్ని నెలలు ఒకని హాజరును మరియొకని పేరున వేసెను. ఉపకారవేతనపు వేళ లెక్క తీసినపుడు ఒకనికి హాజరు చాలలేదు. ఆ పిల్లవాడు ఎదుట నిలిచి, “నేను రోజు వచ్చిన సార్. మీరు నన్ను వాడనుకున్నరు” అనెను. పట్టిక సరిచేయించుటకు పడిన శ్రమ అట్లుండగా, ఆ మాట నేటికిని చెవిలో నున్నది. నిదానించి చూడగా ఒకడు పొడుగరి. రెండవవాని చెంపపై మచ్చ కలదు. ఇద్దరికిని ఏ పోలికయు లేదు. ఆ సాయంకాలము వారిని కూర్చుండబెట్టుకొని ఊళ్ళను, ఇంటిపేర్లను, తమ్ముల చదువులను అడిగి తెలిసికొనెను. అటుపిమ్మట పొరబడలేదు.

ఆ ఏజెన్సీలోనే జైనూరు మండలమున మార్లవాయి గ్రామము కలదు. 1940లో జోడేఘాట్ పోరులో కుమురం భీం నేలకొరిగిన పిమ్మట నిజాం ప్రభుత్వము ఆదివాసుల స్థితిని పరిశీలించుటకు హైమెన్‌డార్ఫును నియోగించెను. ఆయన మార్లవాయిలో నివసించెను; 1943లో అచ్చట గోండు ఉపాధ్యాయుల శిక్షణకు కేంద్రము వెలసినది. అందు శిక్షణ పొందిన గురువునకు తన ఎదుటనున్నవాడు ఒట్టి ‘గోండు పిల్లవాడు’ కాడు. ఫలానా ఊరి, ఫలానా ఇంటి పిల్లవాడు. ఆ మార్లవాయి వాసియే గుస్సాడి కళాకారుడు కనక రాజు. ఆయన 2021లో పద్మశ్రీ పొందెను, 2024లో కన్నుమూసెను. దండారి వేడుకను చూడవచ్చిన బయటివారి కన్నులకు నెమలి ఈకల కిరీటము, బూడిద పూసిన ఒడలు మాత్రమే కనిపించును. గుస్సాడులందరు ఒక్కటిగా తోచుదురు. ఊరివారు ఆ కిరీటము క్రింద ఎవరున్నారో పేరు చెప్పగలరు.

ఇటీవలి సంవత్సరములలో మన ప్రభుత్వ పాఠశాలలలో ముఖమును గుర్తించి హాజరు వేయు యంత్రవిధానము ప్రవేశించినది. పైన చెప్పినవాని వంటి పొరపాట్లు దానివలన తగ్గినచో సంతోషమే. కాని ఆకలితో వచ్చిన బాలుని ముఖమును, ఏడ్చి వచ్చిన బాలిక ముఖమును అది హాజరుగానే లెక్కించును. ఆ తరువాతి పని ఉపాధ్యాయునిది.

కాగజ్‌నగరపు ఛాయాచిత్రములను మరల చూడుడు. వెనుకనున్న అచ్చుముఖములు మనకు బాగుగా గుర్తున్నవి. ముందరి ముఖములు చేనివైపు వంగియున్నవి. అవి మనలో ఎందరికి తెలియును? వారి పిల్లలు మన బడులలోనే చదువుచున్నారు. పత్తి ఏరు దినములలో కొన్ని బల్లలు ఖాళీగా నుండును. ఆ ఖాళీ ఎవరిదో హాజరుపట్టీ విప్పకయే చెప్పగల ఉపాధ్యాయుడు ప్రతి బడికి ఒక్కరైనను ఉండవలెను.