భయం వచ్చినప్పుడు నడుస్తున్నావా, కూర్చున్నావా?

మిడ్స్ దగ్గరపడితే మన హాస్టల్ గ్రూపుల్లో రెండే మందులు తిరుగుతుంటాయి. ఒకటి, "లైట్ తీస్కో మామా". రెండోది, కళ్ళు మూసుకుని ఊపిరి పీలిస్తే భయమంతా ఎగిరిపోతుందని చెప్పే రీల్. ఆ రీల్ వెనక దాదాపు ఎప్పుడూ ఒక బుద్ధుడి బొమ్మ ఉంటుంది. నా గొడవ ఆ బొమ్మతోనే. భయాన్ని మాయం చేసే మందు ఆయన పేరు మీద అమ్మడం అన్యాయం.

మజ్ఝిమ నికాయంలో నాలుగోది భయభేరవ సుత్తం. అడవిలో ఒంటరిగా ఉండటం చాలా కష్టం కదా అని జాణుస్సోణి అనే బ్రాహ్మణుడు అడుగుతాడు. "నాకు భయమేంటి" అనడు బుద్ధుడు. జ్ఞానోదయానికి ముందు తనకీ అలాగే అనిపించేదని ఒప్పుకుంటాడు. ఆ తర్వాత చేసిన పని చూడండి. జనం హడలిపోయే వనాల్లోకి కావాలనే రాత్రిపూట వెళ్ళాడు. ఏదో జంతువు వస్తుంది, నెమలి పుల్ల విరుస్తుంది, గాలికి ఆకులు గలగలమంటాయి. ఇదిగో, భయం వచ్చేసింది అనుకుంటాడు. నడుస్తుండగా వస్తే, అది అణిగేదాకా నిలబడలేదు, కూర్చోలేదు, పడుకోలేదు. నడుస్తూనే ఉన్నాడు. కూర్చున్నప్పుడు వస్తే లేవలేదు.

మనం చేసేది సరిగ్గా దీనికి రివర్స్. పుస్తకం ముందు కూర్చుంటే భయమేస్తుంది, మంచమెక్కుతాం. మంచం మీద భయమేస్తుంది, ఫోన్ తీస్తాం. ఫోన్లో ఎవడో సిలబస్ అయిపోయిందని స్టేటస్ పెడతాడు, టీ కొట్టుకి పోతాం. భయం కూడా మనతోపాటే టీకి వస్తుంది. డీబగ్ చేసేటప్పుడు మిగతావి కదపకుండా ఒక్కదాన్నే చూస్తాం కదా, బుద్ధుడు చేసింది అదేననిపిస్తుంది నాకు. (ఈ పోలిక నాది, సుత్తంలో వెతక్కండి.)

మా మామయ్య ఉస్మాన్‌గంజ్‌లో ఒక హోల్‌సేల్ కొట్లో గుమాస్తా. సెలవుల్లో లెక్కలు రాయడానికి నేనూ వెళ్తుంటాను. సాయంత్రం లోడింగ్ టైంలో హమాలీలు వీపున బస్తాతో పలక మీదుగా లారీ ఎక్కుతుంటారు. వెనకాలే ట్రాలీ ఆటో చెవులు పగిలేలా హారన్ కొడుతుంది. ఉలిక్కిపడతారు, కానీ అడుగు ఆపరు, చిన్నది చేస్తారంతే. "భయం కాదా అన్నా?" అని ఒకాయన్ని అడిగాను. "ఎందుకు కాదు? గప్పుడు బస్తా ఇడిస్తే నా కాలు మీదనే పడ్తది" అన్నాడు. ఆయనకది పొట్టకూటి పని, సాధన కాదు. దాన్ని ఆధ్యాత్మికం చేసి మురిసిపోనక్కర్లేదు. కానీ భయపడుతూనే పని చేయొచ్చని నాకు అర్థమైంది అక్కడే.

రీల్స్‌లో కనిపించని సంగతి ఇంకోటుంది. అడవి కథ కంటే ముందే ఆ సుత్తం పదహారు విషయాలు లెక్కపెడుతుంది: ప్రవర్తన బాగోకపోవడం, మాట బాగోకపోవడం, లాభం కోసం, పేరు కోసం పాకులాడటం, బద్ధకం... వీటితో అడవికి వెళ్ళేవాడు భయాన్ని తనే పిలుచుకుంటున్నాడట. అంటే కొంత భయానికి మనమే అడ్రస్ ఇచ్చాం. ల్యాబ్ రికార్డు మొత్తం పక్కవాడిది దించేసి వైవాకి వెళ్తే వచ్చే వణుకు, ఎంత ఊపిరి పీల్చినా పోదు. పోకూడదు కూడా!

ఇదే సంప్రదాయం మన ఊరికి దగ్గర్లోనే ఉంది. నాగార్జునసాగర్ రోడ్డులోని ధమ్మఖేత్త విపశ్యన కేంద్రం 1976 నుంచి నడుస్తోంది. 10 రోజులు మౌనం, ఫోన్ ఇచ్చేయాలి, ఫీజు లేదు. మధ్యలో నుంచి రోజుకి మూడుసార్లు గంటసేపు కళ్ళు తెరవకుండా, కాళ్ళూ చేతులూ కదపకుండా కూర్చోవాలి. దాన్ని అధిష్ఠానం అంటారు. అయితే అప్లికేషన్‌లో మానసిక ఆరోగ్యం గురించి అడుగుతారు, దాచకండి. గుండె దడ, ఊపిరాడకపోవడం, నిద్ర లేకపోవడం వారాల తరబడి ఉంటే ముందు డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. టెలి మానస్ 14416కి ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. వన్యమృగం నిజంగా ఎదురొస్తే పక్కకి తప్పుకోవాలి కదా, ఇదీ అంతే.

నాకు ఈ సెమిస్టర్‌లో 10 రోజులు దొరికేలా లేవు. అందుకని చిన్న ప్రయోగం పెట్టుకున్నాను: పుస్తకం ముందు భయమేస్తే కుర్చీలోంచి లేవకూడదు, అంతే. నిన్న రాత్రి థర్మో మూడో యూనిట్ దగ్గర అది అణగడానికి 11 నిమిషాలు పట్టింది. ఎంట్రోపీ మాత్రం ఇంకా అర్థం కాలేదు.