హైదరాబాదులో హామ్ రేడియో: కొత్తవారి ప్రవేశం

హామ్ రేడియో లేదా అమెచ్యూరు రేడియో అనగా వ్యాపార ప్రయోజనం లేకుండా, స్వయంశిక్షణకు, ప్రయోగాలకు, పరస్పర సంభాషణకు వ్యక్తులు నడిపే రేడియో సేవ. భారతదేశంలో దీనికి కేంద్ర ప్రభుత్వ లైసెన్సు తప్పనిసరి. కొత్తవారి చేత పరీక్ష రాయించటం కంటే, లైసెన్సు వచ్చాక వారిని ఈ వ్యాసంగంలో నిలపటం కష్టమైన పని.

నేపథ్యం

1983లో ఎస్. సూరి హైదరాబాదులో జాతీయ అమెచ్యూరు రేడియో సంస్థను స్థాపించారు. సోమాజీగూడ కేంద్రంగా ఈ సంస్థ విద్యార్థులకు శిక్షణ ఇచ్చి, పరీక్షకు సిద్ధం చేస్తూ వచ్చింది.

పరీక్ష

1978 నాటి నియమావళి ప్రకారం 12 సంవత్సరాలు నిండినవారు పరీక్ష రాయవచ్చు. ఒకప్పుడు మోర్స్ కోడ్ అంటే భయపడి అనేకులు వెనుదిరిగేవారు. 2003లో జెనీవాలో జరిగిన ప్రపంచ రేడియో సమావేశం మోర్స్ నిబంధనను ఆయా దేశాల ఇష్టానికి వదిలింది. భారతదేశంలో ప్రారంభ స్థాయి అయిన రెస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ పరీక్ష లేదు. ప్రాథమిక ఎలక్ట్రానిక్స్, నిబంధనలు తెలిసిన విద్యార్థికి ఇది అందుబాటులోని పరీక్షే.

అవరోధాలు

అసలు చిక్కు తరువాత మొదలవుతుంది. కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ వంటి చోట్ల ఎక్కువమంది అపార్టుమెంట్లలో, హాస్టళ్లలో నివసిస్తారు. దూరప్రాంతాలతో మాట్లాడేందుకు వాడే 7 మెగాహెర్ట్‌జ్ బ్యాండుకు అర్ధతరంగ యాంటెన్నా పొడవు సుమారు 20 మీటర్లు. దానిని మేడపై కట్టుటకు ఇంటి యజమాని లేదా నివాసుల సంఘం అంగీకరించాలి. 145 మెగాహెర్ట్‌జ్ వద్ద అరమీటరు కడ్డీ చాలును గాని, ఆ తరంగాలు దాదాపు దృష్టిరేఖలోనే ప్రయాణిస్తాయి. భవనాలు అడ్డువస్తే రిపీటరు ఆధారం కావాలి. చరవాణి ఉన్నవారికి మాట్లాడటం వింత కాదు. పిలిచినపుడు బదులు పలికేవారు లేకపోతే ఆసక్తి త్వరగా సన్నగిల్లుతుంది.

ఆకర్షించే మార్గాలు

కేవలం సంభాషణ కంటే ప్రయోగమే యువతను ఎక్కువగా ఆకర్షిస్తుంది. 2005 మే 5న ఇస్రో శ్రీహరికోట నుండి ప్రయోగించిన హామ్‌శాట్ ఉపగ్రహం 2014 వరకు పనిచేసి, ప్రపంచమంతటి హామ్‌లకు ఉపయోగపడింది. దాచిన ట్రాన్స్‌మిటరును దిక్కు పట్టి వెదికే పోటీలో పాల్గొనేవారు రిసీవరుతోనే ఆడవచ్చు. కళాశాలల్లో ఉమ్మడి స్టేషను ఉంటే యాంటెన్నా సమస్య, తోడు లేని సమస్య రెండూ తీరుతాయి. అనుభవజ్ఞుడు పక్కన ఉండి తొలి సంభాషణ చేయించటం వీటన్నిటికంటే ముఖ్యం.

ప్రాముఖ్యత

2004 డిసెంబరులో ఈ సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ బృందం అండమాన్ దీవుల నుండి హామ్ రేడియో నడుపుతుండగా, 26వ తేదీన సునామీ వచ్చింది. టెలిఫోను సౌకర్యాలు దెబ్బతిన్న వేళ, పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న ఆ బృందం క్షేమసమాచారాలను బయటి ప్రపంచానికి చేరవేసింది. పరికరాలు సిద్ధంగా ఉండటం, వాటిని నిత్యం వాడే అలవాటు ఉండటం వల్లనే అది సాధ్యమైంది. వాడకుండా దాచుకొన్న లైసెన్సు విపత్తు వేళ అక్కరకు రాదు. అందుచేత కొత్తవారి అభ్యాసం కొనసాగేలా చూడటం సమాజ భద్రతకు సంబంధించిన విషయం కూడా.