అనాథ... ఆటగాడు... ఆఫీసర్!

తొమ్మిదేళ్లకే అమ్మానాన్నలిద్దరూ దూరమయ్యారు. అనాథాశ్రమమే ఇల్లయింది. ఆటగాడయ్యాక ఒంటి రంగు చూసి ప్రేక్షకులు తిట్టారు. ఆ రంగువాళ్లు అధికారులుగా పనికిరారని సైన్యం ఏకంగా నిబంధనే పెట్టుకుంది. వాటన్నిటినీ దాటుకెళ్లినవాడు... వాల్టర్ టల్.

1888లో ఇంగ్లండ్‌లోని ఫోక్‌స్టోన్‌లో పుట్టాడు. తండ్రి బార్బడోస్ నుంచి వలసవచ్చిన వడ్రంగి. తాత ఒకప్పుడు బానిస. తల్లి ఇంగ్లిష్ మహిళ. 1895లో ఆమె, రెండేళ్లకు తండ్రి చనిపోయారు. పిల్లలందరినీ సాకలేక సవతి తల్లి వాల్టర్‌నీ, అతని అన్న ఎడ్వర్డ్‌నీ లండన్‌లోని ఆశ్రమంలో చేర్చింది. కొన్నాళ్లకు ఎడ్వర్డ్‌ను గ్లాస్గోకు చెందిన ఓ కుటుంబం దత్తత తీసుకుంది. తర్వాత అతను దంతవైద్యుడయ్యాడు. ఒంటరిగా మిగిలిన వాల్టర్ అచ్చుపని నేర్చుకున్నాడు. ఫుట్‌బాల్‌ను మాత్రం వదల్లేదు.

1908లో క్లాప్టన్ అనే అమెచ్యూర్ జట్టులో చేరాడు. ఆ సీజన్లో ఆ జట్టు మూడు కప్పులు గెలిచింది! మరుసటి ఏడాదే టోటెన్‌హామ్ హాట్‌స్పర్ నుంచి పిలుపొచ్చింది. చేరినందుకు పది పౌండ్లు, వారానికి నాలుగు పౌండ్ల జీతం. ఎంత గొప్ప ఆటగాడికైనా అంతకుమించి ఇవ్వకూడదన్నది అప్పటి రూలు.

1909 అక్టోబరులో బ్రిస్టల్‌లో మ్యాచ్. ప్రేక్షకుల్లో ఓ గుంపు అతణ్ని నోటికొచ్చినట్టు తిట్టింది. టల్ నోరు మెదపలేదు. తన ఆట తాను ఆడాడు. తెల్ల ఆటగాళ్లందరూ అతణ్ని చూసి నేర్చుకోవాలని మ్యాచ్ చూసిన విలేకరి రాశాడు. కానీ కొన్నాళ్లకే రిజర్వు జట్టుకు మారాల్సి వచ్చింది... తిట్టినవాళ్లు కాదు, తిట్లు తిన్నవాడు!

1911లో నార్తాంప్టన్ టౌన్ మేనేజర్ హెర్బర్ట్ చాప్‌మన్ అతణ్ని తీసుకున్నాడు. అక్కడ వందకు పైగా మ్యాచ్‌లాడాడు. ఇంతలో ప్రపంచయుద్ధం వచ్చింది. 1914 డిసెంబరులో ఫుట్‌బాల్ ఆటగాళ్ల బెటాలియన్‌లో సిపాయిగా చేరాడు. సోమ్ యుద్ధంలో పోరాడాడు. అతని సత్తా ముందు నిబంధన పక్కకు తప్పుకుంది. 1917 మేలో సెకండ్ లెఫ్టినెంట్ అయ్యాడు. ఇటలీలో పియావే నది దాటి శత్రువుల మీద దాడికి వెళ్లి, వెంట వచ్చినవాళ్లందరినీ క్షేమంగా వెనక్కి తీసుకొచ్చాడు. ఆ ధైర్యాన్ని, నిబ్బరాన్ని జనరల్ మెచ్చుకున్నాడు. ఒకప్పుడు తెల్లవాళ్ల తిట్లు విన్నవాడి ఆజ్ఞల్ని తెల్ల సైనికులు పాటించారు.

1918 మార్చి 25న ఫ్రాన్స్‌లో తూటా తగిలి నేలకొరిగాడు. అప్పటికి 29 ఏళ్లు. అతణ్ని వెనక్కి తెద్దామని కొందరు సైనికులు ప్రాణాలకు తెగించారు. వాళ్లలో ఒకరు మాజీ గోల్‌కీపర్. జర్మన్లు మీదికొస్తుండటంతో సాధ్యం కాలేదు.

అందుకే టల్‌కు సమాధి లేదు. ఆరాస్‌లోని స్మారకం గోడమీద, సమాధుల్లేని 34 వేలమందికి పైగా సైనికుల పేర్ల మధ్య అతని పేరూ ఉంది. అక్కడ ఎవరి పేరు పక్కనా రంగు రాయలేదు!