చైనుకి చెంచాడు నూనె

చలికాలంలో సైకిల్ చైన్ తుప్పు పట్టకుండా కాపాడుకోమనే సలహాలు ఎక్కువగా చలిదేశాల నుంచి వస్తాయి. అక్కడ రోడ్ల మీద పేరుకున్న మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లు చైన్‌ని తినేస్తాయి. నెల్లిమర్లలో రోడ్డు మీద ఉప్పు చల్లేవారెవరూ లేరు గనక ఆ బెడద మనకి లేదనుకోవడం పొరపాటు. మన ఉప్పు గాలిలో వస్తుంది. ఊరి పక్కన పారే చంపావతి కోనాడ దగ్గర సముద్రంలో కలుస్తుంది, ఆ తీరం ఇక్కణ్ణుంచి పెద్ద దూరమేం కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ, 2021 సెప్టెంబరు 26న గులాబ్ ఉత్తరాంధ్ర తీరాన్ని తాకాయి. అంటే చలి మొదలయ్యే ముందే మన సైకిళ్లు నానిపోతున్నాయి. అయినా అసలు దొంగ తుపాను కాదని నా వాదన. వానకి తడిసిన సైకిల్ని ఎవరైనా తుడుస్తారు. మంచుకి తడిసిన సైకిల్ని తుడిచేవాళ్లు లేరు.

నెలగంట పెట్టిన దగ్గర్నుంచి సంక్రాంతి దాకా, ఆరుబయట నిలబెట్టిన సైకిల్ రాత్రిపూట చుట్టూ ఉన్న గాలికంటే ఎక్కువ చల్లబడుతుంది. గాలిలోని తేమ ఆ ఇనుము మీద చెమటలా దిగుతుంది. హ్యాండిల్ మీద పడ్డది పొద్దెక్కగానే ఆరిపోతుంది, చైన్‌లో దూరింది మాత్రం ఆరదు. చైన్ అంటే పైకి కనిపించే రేకులు మాత్రమే కాదు. ఒక్కో లింకులో ఒక పిన్ను, దాని చుట్టూ తిరిగే రోలరు ఉంటాయి. 1880లో హాన్స్ రెనాల్డ్ మాంచెస్టర్‌లో రూపొందించిన ఈ అమరిక పెద్దగా మారకుండానే ఇప్పటికీ మన కాళ్ల కింద తిరుగుతోంది. పిన్నుకీ రోలరుకీ మధ్య వెంట్రుకంత సందులో నీటిబొట్టు ఇరుక్కుంటే, దానికి ఉప్పు తోడైతే, తుప్పుకి ఇంకేం కావాలి? చైన్ ‘సాగింది’ అంటాం గానీ ఇనుము సాగదు, లోపలి పిన్నులు అరుగుతాయి. కొత్త చైన్‌లో 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలుంటాయి. దాని మీద అంగుళంలో వీసం, అంటే పదహారో వంతు పెరిగిందంటే చైన్ మార్చే రోజొచ్చినట్టే.

చైన్ ఎంతని, పోతే కొత్తది వేయించుకుందాం అనేవారున్నారు. చైన్ ఒక్కటే పోతే ఆ మాట చెల్లును. అరిగిన చైన్ పెడల్ దగ్గరి పళ్లచక్రాన్నీ వెనక ఫ్రీవీల్‌నీ తనతోపాటు అరగదీస్తుంది. ఆ తర్వాత కొత్త చైన్ వేసినా పళ్ల మీద కుదురుకోక జారుతుంది. రెండో అభ్యంతరంలో కొంత నిజముంది: నూనె వేస్తే దుమ్ము అంటుతుంది, దానికంటే పొడిగా ఉండటమే మేలు అంటారు. దుమ్ము పట్టేది పైన మిగిలిన నూనెకి, పని చేసేది లోపలికి దిగిన నూనె. వేసి, కాసేపు ఆగి, పైనున్నదంతా గుడ్డతో తుడిచేస్తే ఆ తగువు తీరిపోతుంది. గ్రీజు పూసేవారికి మాత్రం ఈ అభ్యంతరం పూర్తిగా వర్తిస్తుంది. అది లోపలికి దిగదు, పైన మట్టిని పట్టి ఉంచుతుంది.

ఊరికే వస్తుందని మోటారుసైకిల్ నుంచి దించిన నల్లటి ఇంజన్ ఆయిల్ పోయడం మనకున్న మరో అలవాటు. అందులో ఇంజన్ అరుగుదల రజను, మండిన నూనె మసీ ఉంటాయి. అరుగుదల ఆపాల్సిన చోట మనమే ఆకురాయి రుద్దినట్టు. ఇంట్లో కొబ్బరినూనె ఉందిగా అంటే, అది సుమారు 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, మన పుష్యమాసపు రాత్రులు అంతకంటే చల్లన. వంటనూనె కొన్నాళ్లకి జిగురవుతుంది. కిరోసిన్ మురికి వదిలిస్తుందే గానీ నూనె పని చేయదు, పైగా ఉన్న నూనెని కూడా కడిగేస్తుంది. కుట్టుమిషన్ నూనె లాంటి పల్చటిది చాలు. లింకుకి ఒక బొట్టు చొప్పున, పెడల్ వెనక్కి తిప్పుతూ, చైన్ కింది వరస లోపలివైపు వేయాలి. నూట పది లింకులకి అయ్యేది ఒక టీ చెంచాడు. పొద్దున్న బయల్దేరే హడావిడిలో కాదు, వారానికోసారి రాత్రి పడుకోబోయే ముందు వేస్తే తెల్లారేసరికి లోపలికి దిగుతుంది.

ఈ రోజుల్లో సైకిలెవరు తొక్కుతున్నారని అడిగేవారు పొద్దున్నే హైస్కూలు గేటు దగ్గర నిలబడి చూడాలి. పాతకాలపు జెంట్స్ సైకిల్‌కి చైన్ మొత్తాన్ని కప్పే కవరుండేది. ఇప్పుడు పిల్లలు తొక్కేవాటిలో చాలావాటికి చైన్ బయటే, మంచులోనే. ప్రభుత్వం ‘బడికొస్తా’ పేరుతో ఆడపిల్లలకి సైకిళ్లిచ్చినప్పుడు అది వార్తయింది. వాటికి నూనె వేయడం ఎప్పటికీ వార్త కాదు, అందుకే ఎవరికీ పట్టదు. పెడల్ బరువెక్కిన సైకిల్ మీద ఐదు కిలోమీటర్లు తొక్కే పిల్ల ఒకనాటికి దాన్ని ఇంటి గోడకి ఆనించేస్తుంది. హెడ్మాస్టర్లకీ, తల్లిదండ్రుల కమిటీలకీ ఒక్కటే మనవి: ఈ నెలగంట లోగా మీ బడి సైకిల్ స్టాండులో ఒక నూనె డబ్బా, రెండు పాత గుడ్డలు పెట్టించండి, శనివారం చివరి పీరియడ్‌లో పది నిమిషాలు పిల్లలకి వదలండి.