మనోభారమును తూచుట ఎట్లు?

జ్వరమునకు థర్మామీటరు ఉన్నది, రక్తపోటునకు బి.పి. యంత్రము ఉన్నది. మనసు మీది ఒత్తిడికి మాత్రము ఆ మనిషినే అడిగి తెలిసికొనవలెను. ఇట్లడుగుటకు 1983లో షెల్డన్ కోహెన్, మరి ఇద్దరు అమెరికా పరిశోధకులు ఒక ప్రశ్నపత్రమును ప్రకటించిరి. నేడు విరివిగా వాడుకలోనున్న దాని రూపములో పది ప్రశ్నలుండును. గడచిన నెలలో పనులు చేయి దాటినట్లు ఎంత తరచుగా తోచినదో, కష్టములు మోయలేనట్లు ఎంత తరచుగా అనిపించినదో అందులో అడుగుదురు. ఒక్కొక్క జవాబునకు సున్న మొదలు 4 వరకు అంకె, మొత్తము 40. నాలుగు ప్రశ్నలు మాత్రము ధైర్యమును, నిబ్బరమును గూర్చినవి. వాటి అంకెలను తారుమారు చేసి కూడవలెను. కూడువారు ఈ సంగతి మరచిరా, నిబ్బరము గలవాడు దిగులుపడువాని సరసన చేరును! ఇది రోగనిర్ణయమునకు ఉద్దేశించినదియు కాదు.

కళాశాలలలో యోగాసనములు, ధ్యానము, ఆరోగ్యోపన్యాసములు నేడు పరిపాటి. మొదటి రోజున, చివరి రోజున ఈ పత్రము నింపించి, సగటు 22 నుండి 17కు దిగినదనుకొందము. వెంటనే ఒత్తిడి తగ్గినదని నివేదికలో వ్రాయబుద్ధియగును. ఆ వాక్యమునకు ఈ రెండు అంకెలు చాలవని మా అభిప్రాయము.

పరీక్షలకు ముందొకసారి, పరీక్షలైన పిదప ఒకసారి అడిగినచో, నడుమ ఏ కార్యక్రమము లేకున్నను అంకె దిగవచ్చును. స్కాలర్‌షిప్పు అందినను దిగును. మిక్కిలి కలతలోనున్నవారినే ఏరి పంపినచో, వారిలో పలువురు తమంతట తామే కొంత తేరుకొందురు. మిక్కిలి పొడవైన తల్లిదండ్రుల బిడ్డల ఎత్తు సగటు వైపునకు జరుగునని 1886లో గాల్టన్ చూపినది ఈ న్యాయమే. పైగా ప్రశ్నలు గడచిన నెలను గూర్చినవి. పదిహేను రోజుల శిబిరము ముగిసిన నాడే అడిగినచో, జవాబులో సగము శిబిరమునకు మునుపటి రోజులదే.

కావున చీట్లు వేసి సగము మందిని ఇప్పుడు, తక్కిన సగమును తరువాతి విడతలో చేర్చుకొనవలెను. ఇరువురిని ఒకే రోజులలో అడుగవలెను. రెండవవారి కంటె మొదటివారి అంకె ఎంత ఎక్కువగా దిగినదో అంతయే కార్యక్రమపు పుణ్యము. దీనికి పెద్ద ఖర్చు లేదు, ఓపిక కావలెను.

భాష సంగతి ఒకటి. మన ఇండ్లలో ఒత్తిడి అను మాటకంటె బెంగ, దిగులు, పరేషానీ ఎక్కువగా వినబడును. పరేషానీకున్న బరువు బెంగకు లేదు. తెలుగు పత్రముల సగటును ఉర్దూ పత్రముల సగటుతో పోల్చి, ఎవరు ఎక్కువ కలతలోనున్నారో తేల్చుట తగదు. ఎవరి ముందటి అంకెను వారి తరువాతి అంకెతోనే పోల్చవలెను. అందుకు గుర్తు సంఖ్య చాలును, పేరు వలదు. అధ్యాపకుడు చూచునని తెలిసి తన మనసు బాగుండలేదని వ్రాయు విద్యార్థి అరుదు.

ఇక మధ్యలో మానివేసినవారు. సాయంత్రము దుకాణములో పనిచేయువారు, ప్రొద్దుగ్రుంకక మునుపే బస్సు పట్టవలసిన అమ్మాయిలు ముందుగా మానుదురు. చివరి రోజున వారుండరు గనుక వారి భారము లెక్కకు రాదు, సగటు మరింత అందముగా కనబడును. మొదటి రోజున ఎందరో, చివరి రోజున ఎందరో నివేదికలో సగటుకంటె ముందు అచ్చువేయింపుడని కమిటీ పెద్దలకు మా మనవి. మానినవారికి కూడ చివరి పత్రమునిచ్చి నింపింపుడు, వేళ మార్చి వారిని మరల పిలువుడు.