కావలివాళ్లు నిద్రపోతే కూలి ఎవరిది పోతుంది?

గురుగుల ఉపమానం మనకు సండేస్కూలు నాటి నుంచీ తెలుసు. మనుషులు నిద్రపోతుంటే శత్రువు వచ్చి గోధుమల మధ్య గురుగులు చల్లి వెళ్లాడు. మన పత్తి పొలాల్లోనూ అదే జరిగింది. తేడా ఏమిటంటే, ఇక్కడ నిద్రపోయినవాళ్లు జీతం తీసుకుంటున్న కావలివాళ్లు.

కలుపుమందు కొట్టినా చావని బీటీ పత్తిని మహికో కంపెనీ మన దేశంలో క్షేత్ర పరీక్షలకు పెట్టింది. సాగుకు అనుమతి అడిగి, 2016లో ఆ దరఖాస్తును వెనక్కి తీసుకుంది. ఆ రకానికి సాగు అనుమతి రాలేదు. అయినా 2017లో ఆంధ్ర, తెలంగాణ పొలాల్లో అలాంటి పత్తి బయటపడింది. కేంద్రం వేసిన కమిటీ ఈ రెండు రాష్ట్రాలతోపాటు మహారాష్ట్ర, గుజరాత్‌లలో పత్తి విస్తీర్ణంలో సుమారు 15 శాతం అదేనని లెక్కగట్టింది. పరీక్ష పొలం నుంచి జారిందా, మరో దారిన వచ్చిందా? తేల్చవలసింది జీఈఏసీ, దాన్ని నడిపే పర్యావరణ శాఖ. వాళ్లు తేల్చలేదు. దాడులు మాత్రం విత్తనాల కొట్లమీద జరిగాయి.

ఇది మొదటిసారి కాదు. 2001లో గుజరాత్‌లో అనుమతి లేని బీటీ పత్తి దొరికింది. 2002 మార్చిలో బీటీ పత్తికి అనుమతి వచ్చేసింది. ముందు దొంగచాటుగా చల్లడం, తర్వాత "ఎలాగూ వచ్చేసిందిగా" అనడం. దీన్ని పర్యవేక్షణ అంటారా?

రైతుకు కలుపు కూలి భారమే, కాదనను. కానీ ఆ కూలి ఎవరిది? ఎండలో నడుము వంచి కలుపు తీసే మన అమ్మలది, అక్కలది. ఆదివారం కానుక సంచిలో పడే డబ్బు చాలాచోట్ల ఆ కూలే. పొలం అంచుల పంట కోయకుండా పేదలకు విడిచిపెట్టమని మోషే ధర్మశాస్త్రం చెప్పింది. రూతు బతికింది ఆ పరిగె మీదే. ఈ విత్తనం పేదరాలి వంతును మందు డబ్బాలో పోస్తుంది.

ఆ మందు గ్లైఫోసేట్. అది మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో చెప్పింది. కొన్ని దేశాల నియంత్రణ సంస్థలు ఒప్పుకోలేదు. మన కేంద్రం మాత్రం 2022లో, లైసెన్సు ఉన్న పురుగు నివారణ ఆపరేటర్లే వాడాలని ఆంక్ష పెట్టింది. మన ఊళ్లలో ట్యాంకు వీపున మోసేది ఎవరు? చేతి తొడుగులు కూడా లేని కూలీ.

సుప్రీంకోర్టు వేసిన నిపుణుల కమిటీలో అత్యధికులు, కలుపుమందు తట్టుకునే పంటలు మన దేశానికి తగవని 2013లోనే తేల్చారు. ఆవాల కేసులో 2024 జులైలో ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పు ఇచ్చినా, అందరినీ సంప్రదించి జాతీయ విధానం తేవాలన్న మాట దగ్గర ఏకమయ్యారు. ఆ "అందరిలో" కలుపు తీసే ఆడకూలీ ఉండాలి.

బి. మల్లాపురం యువతీయువకులారా, ఇది ఆంధ్ర, తెలంగాణ గొడవ అనుకోకండి. ధర్మపురి జిల్లాలోనూ పత్తి పండుతుంది, విత్తనానికి సరిహద్దు తెలియదు. క్షేత్ర పరీక్షకు రాష్ట్ర ప్రభుత్వ సమ్మతి కావాలి. ఎక్కడ పరీక్షలు జరుగుతున్నాయి, ఎవరు తనిఖీ చేశారు, నివేదిక ఎక్కడ అని సమాచార హక్కు కింద అడగండి. చుట్టుపక్కల గ్రామసభల్లో తీర్మానం పెట్టించండి. అమ్మను కూడా వెంట తీసుకెళ్లండి, ఆమెను మాట్లాడనివ్వండి.

కావలివాళ్లు నిద్రపోతే లేపడం మన పని. ప్రార్థన చేద్దాం, అర్జీ కూడా పెడదాం.